బస్‌బార్ మీది రంగు స్లీవ్ చేసే పని ఎంత?

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, రైస్ మిల్లులోనో మెయిన్ ప్యానెల్ వెనక తలుపు తీస్తే ఎరుపు, పసుపు, నీలం స్లీవ్‌లు వేసిన లోహపు పట్టీలు కనిపిస్తాయి. న్యూట్రల్‌కు నలుపు. రాగితోనో అల్యూమినియంతోనో చేసిన ఈ పట్టీలే బస్‌బార్లు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన కరెంటంతా ముందు వీటికి చేరుతుంది, ఇక్కడి నుంచి ఒక్కో ఫీడర్‌కు, అంటే విడివిడిగా సరఫరా మోసే లైనుకు, వెళ్తుంది. ఇంట్లో వైరు మీద పీవీసీ ఎలాగో బస్‌బార్ మీద ఈ స్లీవ్ కూడా అలాగే అని చూసినవాళ్లు అనుకుంటారు. కొత్తగా చేరిన ఎలక్ట్రీషియన్లలో కూడా చాలామంది నమ్మకం ఇదే. 415 వోల్టుల ప్యానెళ్ల విషయంలో ఈ నమ్మకం సగం కూడా నిజం కాదు.

అక్కడ ఒక ఫేజ్‌ను ఇంకో ఫేజ్ నుంచి, ఎర్త్ నుంచి వేరుగా ఉంచేది గాలి. ఫీల్డ్ సమంగా ఉంటే గాలి మిల్లీమీటరుకు సుమారు 3 కేవీ (కిలోవోల్టులు) తట్టుకుంటుంది. పదునైన అంచులు, బోల్టు తలలు ఉన్నచోట అంత తట్టుకోదు కాబట్టి ప్రమాణాలు దూరాన్ని కాస్త పెంచి చెబుతాయి. ప్యానెళ్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61439 ప్రకారం 6 కేవీ ఇంపల్స్‌కు (పిడుగు లాంటి వాటి వల్ల క్షణంలో ఎగసిపడే వోల్టేజీకి) 5.5 మి.మీ., 8 కేవీ ఇంపల్స్‌కు 8 మి.మీ. గాలి దూరం ఉంటే చాలు. ఆ దూరాలు సరిగ్గా ఉన్న ప్యానెల్ ఒక్క స్లీవ్ కూడా లేకుండానే 1890 వోల్టుల ఏసీ టెస్ట్ పాసవుతుంది.

అయినా మన దగ్గర చాలా టెండర్లు ఫేజ్‌కూ ఫేజ్‌కూ మధ్య 25 మి.మీ. అడుగుతాయి. దాన్ని అతి జాగ్రత్త అనలేం. గ్లాండ్ (కేబుల్ చుట్టూ సందు మూసే బిగింపు) బిగించకుండా వదిలేసిన కేబుల్ రంధ్రంలోంచి దూరే బల్లికి, ఎలుకకు 8 మి.మీ. ఒక లెక్కే కాదు. లోపల మరిచిపోయిన స్పానర్ కూడా అంతే. స్లీవ్ అసలు ఉపయోగం ఇక్కడ ఉంది. గాలి చేస్తున్న పనికి మధ్యలో ఏదో వచ్చి అడ్డుపడితే, అది వెంటనే షార్ట్ సర్క్యూట్ కాకుండా స్లీవ్ ఆపుతుంది. ఏ ఫేజ్ ఏదో రంగుతో చెబుతుంది. అంతకుమించి దాని మీద భరోసా పెట్టుకోకూడదు. చేయి తగిలినా ఏమీ కాదనే రక్షణ స్లీవ్ ఇవ్వదు. కరెంటున్న భాగం మొత్తం, జాయింట్లతో సహా, కోసి తీస్తే తప్ప రాని విధంగా కప్పి ఉంటేనే దాన్ని తాకిడి నుంచి రక్షించే ఇన్సులేషన్‌గా ప్రమాణాలు ఒప్పుకుంటాయి. పెయింటును, వార్నిష్‌ను అసలు లెక్కలోకే తీసుకోవు. బార్ మధ్యలో స్లీవ్ ఉండి, బోల్టులున్న చోట రాగి బయటికి కనిపిస్తున్న ప్యానెల్‌లో ఇన్సులేటెడ్ బస్‌బార్ ఉందని చెప్పడానికి లేదు.

ఇక ఆ స్లీవ్ దేనితో చేశారన్న ప్రశ్న. చిన్న ప్యానెల్ షాపుల్లో ఎక్కువగా వాడేది పీవీసీ. చవక, ఎక్కించడం తేలిక, మంట పెడితే తనంతట తాను ఆరిపోయే గుణం ఉంది. దాని చిక్కంతా వేడి దగ్గరే. సాధారణ పీవీసీకి నిరంతరంగా 70 డిగ్రీలే హద్దు. వేడిని తట్టుకునే రకాలు 85, 105 డిగ్రీలకు దొరుకుతాయి. మరోవైపు ప్యానెల్ టెర్మినళ్ల దగ్గర పరిసరాల కంటే 70 డిగ్రీలు పెరగడానికి ప్రమాణమే అనుమతిస్తోంది. పరిసర ఉష్ణోగ్రత సగటు 35 అని లెక్క కట్టారు కాబట్టి మొత్తం 105. మే నెలలో రేకుల షెడ్డు కింద ఉన్న ప్యానెల్ గదిలో ఆ 35 ఎక్కడ దొరుకుతుంది? సాధారణ పీవీసీ స్లీవ్ అక్కడ ముందు మెత్తబడుతుంది. కొన్నేళ్లకు అందులోని ప్లాస్టిసైజర్ ఆవిరై గట్టిపడి, వంపుల దగ్గర పగులుతుంది. ఇన్సులేషన్ పదార్థాలకు 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందనే మోటు లెక్క ఒకటి ఇంజనీర్ల వాడుకలో ఉంది. ప్రతి పదార్థానికీ అచ్చంగా సరిపోకపోయినా దిశ మాత్రం అదే.

ఇంకో చిక్కు కాలినప్పుడు బయటపడుతుంది. శుద్ధమైన పీవీసీ బరువులో దాదాపు 57 శాతం క్లోరినే. కాలితే అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా వస్తుంది, తేమ తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లమవుతుంది. మంట చిన్నదే అయినా పక్క ప్యానెల్‌లోని రిలేలు, ఎలక్ట్రానిక్ కార్డులు వారం తర్వాత ఒక్కొక్కటే మొరాయించడానికి చాలాసార్లు కారణం ఈ ఆమ్లమే. డేటా సెంటర్లు, ఆసుపత్రులు, సొరంగాల ప్యానెళ్లకు హాలోజన్ లేని పదార్థమే కావాలని పట్టుబట్టడం అందుకే.

తొడుగు వేస్తే బార్ వేడెక్కిపోతుంది, కాబట్టి సైజు పెంచాలి అనే మాట తరచుగా వినిపిస్తుంది. లెక్క వేసి చూస్తే కథ తిరగబడుతుంది. కొత్తగా మెరిసే రాగి వేడిని రేడియేషన్ రూపంలో దాదాపు వదలదు. దాని ఎమిసివిటీ, అంటే వేడిని రేడియేట్ చేసే సామర్థ్యం (గరిష్ఠం 1), 0.1 దగ్గర ఉంటుంది. ప్లాస్టిక్ తొడుగుకు, మ్యాట్ పెయింటుకు అది 0.9 దాకా ఉంటుంది. బార్ 90 డిగ్రీల దగ్గర, చుట్టూ ఉన్న గాలి, గోడలు 45 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. మెరిసే రాగి చదరపు మీటరుకు రేడియేషన్‌గా 40 వాట్లు వదిలితే, తొడుగు ఉపరితలం సుమారు 360 వాట్లు వదులుతుంది. గాలి కదలిక వల్ల పోయే వేడి రెండింటికీ ఇంచుమించు ఒకటే, 250 వాట్లు అనుకోవచ్చు. మొత్తం మీద 290 ఒకవైపు, 610 మరోవైపు. మరి తొడుగు మందం వేడికి అడ్డు కాదా? బిగుతు తొడుగులకు వాడే పాలియోలిఫిన్ ప్లాస్టిక్ ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి 0.25 వాట్ల ప్రాంతంలో ఉంటుంది. 1 మి.మీ. మందం గుండా ఆ 600 వాట్లు బయటికి రావడానికి 2.4 డిగ్రీల తేడా సరిపోతుంది. 3 మి.మీ. మందమైతే 7 డిగ్రీలు. అంటే బిగుతుగా పట్టిన సన్నని తొడుగు బార్‌ను చల్లబరుస్తుంది.

ఈ లెక్కలో ‘బిగుతుగా’ అన్న మాటకే ఎక్కువ బరువుంది. వదులు పీవీసీ స్లీవ్‌కూ రాగికీ మధ్య 1 మి.మీ. గాలి పొర చిక్కుకుంటే కథ వేరు. గాలి ఉష్ణ వాహకత 0.03 కంటే తక్కువ. అదే 600 వాట్లు ఆ పొరను దాటాలంటే 20 డిగ్రీలకు పైగా తేడా కావాలి. స్లీవ్ వేశాక బార్ వేడెక్కిందని చెప్పేవాళ్లు చూసింది చాలావరకు ఇదే. తప్పు తొడుగుది కాదు, దాని కింద మిగిలిన గాలిది.

పై లాభాన్ని ప్యానెల్‌లో పూర్తిగా లెక్కకట్టకూడదనడానికి కూడా కారణాలున్నాయి. ఫేజ్‌కు రెండు మూడు బార్లు పక్కపక్కన పెట్టినప్పుడు లోపలి ముఖాలు ఒకదానికొకటి వేడిని ఇచ్చిపుచ్చుకుంటాయి, బయటికి రేడియేట్ చేసేవి పైముఖాలే. ప్యానెల్ గోడలు కూడా వేడెక్కి ఉంటాయి. పైగా తొడుగు లేని రాగి ఏళ్ల తరబడి నల్లబడుతూ తనంతట తనే ఎమిసివిటీ పెంచుకుంటుంది. అందుకే అనుభవమున్న డిజైనర్లు ఈ లాభాన్ని మార్జిన్‌గా ఉంచుకుంటారు తప్ప, దాన్ని చూసుకుని బార్ సైజు తగ్గించరు.

బిగుతు కావాలన్నప్పుడు వచ్చిందే హీట్ ష్రింక్ ట్యూబు. పాలిథిలిన్‌ను రేడియేషన్‌కు గురిచేస్తే దాని అణు గొలుసులు ఒకదానికొకటి ముడిపడతాయని 1950ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని హార్వెల్‌లో ఆర్థర్ చార్లెస్‌బీ చూపించారు. అలా ముడిపడ్డ ప్లాస్టిక్ కరగదు. వేడిచేసి సాగదీసి అలాగే చల్లారిస్తే సాగిన రూపంలోనే నిలిచిపోతుంది. మళ్లీ వేడి తగిలితే మొదటి రూపానికి వెనక్కి వస్తుంది. 1957లో కాలిఫోర్నియాలో పాల్ కుక్ స్థాపించిన రేకెమ్ కంపెనీ ఎదిగింది ఈ రేడియేషన్ కెమిస్ట్రీ మీదే. బస్‌బార్ల కోసం ఇప్పుడు 1.1 కేవీ, 11 కేవీ, 33 కేవీ గ్రేడ్లలో ఈ ట్యూబులు దొరుకుతున్నాయి. సుమారు 120 డిగ్రీల దగ్గర ముడుచుకుంటాయి, నిరంతరంగా 105 నుంచి 125 డిగ్రీల దాకా తట్టుకుంటాయి.

కొనుగోలు దగ్గర జరిగే పొరపాటు ఒకటి ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కేటలాగ్‌లో రాసే మందం ట్యూబు పూర్తిగా ముడుచుకున్నాక ఉండే మందం. 100×10 మి.మీ. బార్ చుట్టుకొలత 220 మి.మీ. 75 మి.మీ. వ్యాసమున్న ట్యూబు చుట్టుకొలత 235 మి.మీ. కాబట్టి బార్ దూరుతుంది, వేడి చేస్తే చక్కగా పట్టుకుంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ 2:1 ట్యూబు (వ్యాసం సగానికి ముడుచుకోగలిగేది) అక్కడ ముడుచుకున్నది 6, 7 శాతమే. మందం కేటలాగ్ అంకెలో సగానికి కాస్త పైన ఆగిపోతుంది. 415 వోల్టుల దగ్గర ఇది పట్టించుకోనక్కర్లేదు. 11 కేవీ దగ్గర పట్టించుకోకపోతే కుదరదు. తయారీదారు ఏ బార్‌కు ఏ ట్యూబు అని ఇచ్చే పట్టిక ఉన్నది ఇందుకే. స్టోర్‌లో ఉన్నది సరిపోతోంది కదా అని ఎక్కించేయకూడదు.

ఎక్కించడంలో కూడా పనితనముంది. రాగి వేడిని లాగేస్తుంది కాబట్టి లావు బార్‌ను ముందే కొంచెం వేడి చేసుకుంటారు. మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు వెళ్తే లోపలి గాలి బయటికి పోతుంది. రెండు చివర్లూ ముందే ముడుచుకుంటే గాలి మధ్యలో బుడగై కూర్చుంటుంది. డ్రిల్లింగ్ బర్రులు, పదునైన అంచులు ముందే ఆకురాయితో తీసేయాలి. చివర కత్తిరించేటప్పుడు చిన్న గాటు పడినా వేడి తగలగానే ట్యూబు అక్కడి నుంచి నిలువునా చీలుతుంది. పొడవులో కూడా కొంత ముడుచుకుంటుంది కాబట్టి ముక్కను కాస్త ఎక్కువే కోసుకోవాలి.

11 కేవీ దగ్గరికి వచ్చేసరికి ఇన్సులేషన్ సమస్య స్వభావమే మారుతుంది. 12 కేవీ తరగతి పరికరం ఒక నిమిషం పాటు 28 కేవీ, 75 కేవీ ఇంపల్స్ తట్టుకోవాలి. దానికి గాలిలో కనీసం 120 మి.మీ. కావాలి. ప్యానెల్ చిన్నదవ్వాలంటే ఆ దూరం తగ్గాలి, అందుకోసం తొడుగు వేస్తారు. ఇక్కడ భౌతికశాస్త్రం కొంచెం ఎదురు తిరుగుతుంది. 10 మి.మీ. దూరంలో ఉన్న రెండు పలకల మధ్య 10 కేవీ పెడితే గాలి మీద ఒత్తిడి మిల్లీమీటరుకు 1 కేవీ. అందులో సగాన్ని పర్మిటివిటీ (గాలితో పోలిస్తే విద్యుత్ క్షేత్రాన్ని తనలో ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే అంకె) 4 ఉన్న ఘన పదార్థంతో నింపితే మిగిలిన గాలి మీద ఒత్తిడి తగ్గదు, 1.6 కేవీకి పెరుగుతుంది. 9 మి.మీ. నింపి 1 మి.మీ. గాలి వదిలితే 3 కేవీ దాటుతుంది. ఘన పదార్థం తన వాటా వోల్టేజీని గాలి నెత్తిన పెడుతుందన్నమాట. తొడుగు కింద మిగిలిన బుడగలో, తొడుగుకూ సపోర్టుకూ మధ్య సందులో గాలి ముందుగా తెగిపోతుంది. ఫేజ్ మొత్తం షార్ట్ కాదు, ఆ సందులోనే చిన్న చిన్న డిశ్చార్జీలు మొదలవుతాయి. దీన్నే పార్షియల్ డిశ్చార్జ్ అంటారు.

మామూలు పీడనం దగ్గర గాలిలో 327 వోల్టుల లోపు, సందు ఎంత చిన్నదైనా, డిశ్చార్జ్ మొదలుకాదు. 415 వోల్టుల ప్యానెళ్లలో ఈ జబ్బు దాదాపు కనిపించకపోవడానికి అదొక కారణం. మొత్తం వోల్టేజే తక్కువ, అందులో బుడగకు వచ్చే వాటా ఇంకా తక్కువ. 11 కేవీలో ఫేజ్ నుంచి ఎర్త్‌కే 6.35 కేవీ ఉంటుంది. డిశ్చార్జ్ ఓజోన్‌ను, నైట్రోజన్ ఆక్సైడ్లను పుట్టిస్తుంది. తేమ కలిస్తే నైట్రిక్ ఆమ్లం తయారవుతుంది, రాగి మీద పచ్చని పొర, ఇన్సులేటర్ల మీద తెల్లటి పొడి కనిపిస్తాయి. ప్యానెల్ గదిలోకి అడుగుపెట్టగానే ఘాటైన వాసన, సన్నగా బుసలాంటి శబ్దం వస్తే వర్షాకాలం అయ్యేదాకా ఆగకూడదు. కాకినాడ, విశాఖ లాంటి తీరంలో ఉప్పు గాలికి ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. ఒకటి రెండు వందల రూపాయల కరెంటు మిగులుతుందని ప్యానెల్ హీటర్లను ఆపేసి ఉంచే అలవాటు ఇక్కడ ఖరీదైన పొదుపు.

కాబట్టి తొడుగు వేశాం, దూరం ఇంత తగ్గించొచ్చు అని ఎవరికి వారు తీర్మానించుకోవడానికి లేదు. ఆ తొడుగుతో, ఆ సపోర్టుతో, ఆ దూరంతో టైప్ టెస్ట్ (ఒక నమూనా మీద చేసే పూర్తి పరీక్ష) జరిగి ఉండాలి. 11 కేవీ బార్ మీద తొడుగు ఎంత మందంగా ఉన్నా దాని ఉపరితలం మీద కూడా వోల్టేజ్ కూర్చుంటుంది. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపారన్న అనుమతి) తీసుకుని, డిశ్చార్జ్ చేసి, ఎర్త్ చేయనిదే దాన్ని ముట్టుకోకూడదు.

తొడుగు బదులు పూత వేసే పద్ధతి ఎపాక్సీ పౌడర్. వేడిచేసిన బార్‌ను, గాలితో కదులుతున్న పొడి తొట్టిలో ముంచితే పొడి కరిగి అంటుకుంటుంది. గాలి పొర అసలే మిగలదు, వేడి బాగా పోతుంది. బలహీనత అంచుల దగ్గర. కరిగిన ఎపాక్సీ పదునైన మూలల నుంచి పక్కకు జారి అక్కడ పలచబడుతుంది కాబట్టి మూలలు గుండ్రం చేసిన బార్లే వాడాలి. పూత వేశాక వంచడం, డ్రిల్ చేయడం కుదరదు, అన్ని రంధ్రాలూ ముందే ఉండాలి. సైట్‌లో ఒక్క ఫీడర్ అదనంగా కావాలన్నా ఇబ్బందే. మన దగ్గర ప్యానెల్ షాపులు దీనికి అంతగా మొగ్గకపోవడానికి ధర కంటే ఇదే పెద్ద కారణమనిపిస్తుంది.

ఎత్తైన భవనాల్లో నిలువుగా వెళ్లే శాండ్‌విచ్ బస్‌డక్ట్‌లలో మాత్రం ఎపాక్సీ గానీ పాలియెస్టర్ ఫిల్మ్ గానీ రాజ్యమేలుతున్నాయి. అక్కడ బార్లు ఒకదాని మీద ఒకటి అదిమిపెట్టి ఉంటాయి, మధ్యలో గాలి లేదు. ఇన్సులేషన్ బరువు మొత్తం నిజంగా ఘన పదార్థం మీద పడేది అక్కడే. ఫేజ్‌లు దగ్గరగా ఉండటం వల్ల రియాక్టెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే ఒక రకం అడ్డు) తగ్గి వోల్టేజ్ డ్రాప్ తక్కువగా ఉంటుంది, వేడి నేరుగా అల్యూమినియం కవచంలోకి పోతుంది. బలహీనత జాయింట్‌లో, నీళ్లలో ఉంది. షాఫ్ట్‌లో పైఅంతస్తు పైపు కారి ఒక్క జాయింట్‌లోకి తేమ దిగితే మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) రీడింగ్ సున్నాకు పడిపోతుంది.

తొడుగు గురించి ఇంత చర్చ జరుగుతుంది గానీ, బార్‌ను మోసే సపోర్టును ఎవరూ పట్టించుకోరు. షార్ట్ సర్క్యూట్ జరిగినప్పుడు ప్యానెల్‌ను కాపాడేది అదే. 50 కేఏ (కిలో ఆంపియర్ల) ఫాల్ట్‌లో మొదటి శిఖరం 105 కేఏ దాకా వెళ్తుంది. ఫేజ్‌ల మధ్య 100 మి.మీ. దూరముంటే మధ్య బార్ మీద మీటరుకు సుమారు 19,000 న్యూటన్ల బలం పడుతుంది, అంటే దాదాపు రెండు టన్నుల బరువు. ఒకప్పుడు దీనికి ఫినాలిక్ లామినేట్ షీటును కోసి వాడేవారు. హైదరాబాద్ సనత్‌నగర్‌లో బేకలైట్ హైలమ్ కంపెనీ తయారుచేసిన షీట్ల పేరు మీదే ఇప్పటికీ చాలా వర్క్‌షాపుల్లో ఏ కంపెనీ లామినేట్‌నైనా హైలమ్ షీట్ అనే అడుగుతారు. బలం, వేడిని తట్టుకోవడం విషయంలో అది మంచిదే. ట్రాకింగ్ విషయంలో బలహీనం. తడి దుమ్ము మీదుగా చిన్న స్పార్కులు పాకినప్పుడు ఫినాలిక్ ఉపరితలం బొగ్గవుతుంది, ఆ బొగ్గు గీతే కరెంటుకు దారి అవుతుంది.

దీన్ని కొలిచే అంకె సీటీఐ. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అమ్మోనియం క్లోరైడ్ ద్రావణాన్ని 30 సెకన్లకు ఒక చుక్క చొప్పున 50 చుక్కలు వేసి, ఏ వోల్టేజ్ దాకా ట్రాకింగ్ రాదో చూస్తారు. 600, ఆ పైన ఉంటే మొదటి గ్రూపు. గాజు నార కలిపిన పాలియెస్టర్‌తో చేసే డీఎంసీ, ఎస్ఎంసీ సపోర్టులు సాధారణంగా ఇందులోకి వస్తాయి. వాటిలో కలిపే అల్యూమినా ట్రైహైడ్రేట్ వేడికి నీటి ఆవిరిని వదిలి ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. 400 వోల్టులకు, దుమ్ముండే చోట, మొదటి గ్రూపు పదార్థానికి 5 మి.మీ. క్రీపేజ్ (ఉపరితలం వెంట కొలిచే దూరం) చాలు, చివరి గ్రూపుకు 6.3 మి.మీ. కావాలి. కాగితం మీద ఈ తేడా చిన్నదే. సిమెంటు ఫ్యాక్టరీలోనో, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లోనో మూడేళ్లు పనిచేసిన రెండు సపోర్టులను పక్కపక్కన పెట్టి చూస్తే అంత చిన్నగా కనిపించదు.

కరెంటు ఎక్కువైతే తొడుగు కూడా మందం కావాలనే ఊహకు విద్యుత్ కేంద్రాలు గట్టి జవాబు చెబుతాయి. పరవాడ దగ్గరి సింహాద్రిలో ఉన్నలాంటి 500 మెగావాట్ల యూనిట్‌లో జనరేటర్ వోల్టేజ్ సాధారణంగా 21 కేవీ, కరెంటు 16,000 ఆంపియర్ల పైమాట. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ దాకా మోసే అల్యూమినియం గొట్టం మీద ఏ స్లీవూ ఉండదు. ఒక్కో ఫేజ్ తన సొంత అల్యూమినియం కవచంలో, పింగాణీ ఇన్సులేటర్ల మీద, పొడి గాలి మధ్య ఉంటుంది. ఫేజ్‌కు ఫేజ్ తగిలే అవకాశమే లేకుండా వేరుచేశాక తొడుగు అవసరం పడదు. డబ్బు, స్థలం ఉన్నచోట ఇంజనీర్లు ఎంచుకునేది ఇప్పటికీ గాలినే.

చిన్న ప్యానెళ్లలో చివరికి అసలు చిక్కు జాయింట్ల దగ్గరే వస్తుంది. బార్ మధ్యలో స్లీవ్ కాలిపోవడం అరుదు. వదులైన బోల్టు దగ్గర మొదలైన వేడి రాగి వెంట పాకి స్లీవ్ చివరను మాడుస్తుంది. అందుకే బోల్టుల మీద వేసే ష్రౌడ్ తీసి పెట్టగలిగేదిగా ఉండాలి, టేపు చుట్టి మూసేయకూడదు. థర్మల్ కెమెరాతో చూసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. తక్కువ ఎమిసివిటీ వల్ల మెరిసే రాగి కెమెరాలో అసలు కంటే చల్లగా కనిపిస్తుంది, స్లీవ్ ఉపరితలం మాత్రం నిజం చెబుతుంది. జాయింట్ పక్కనున్న స్లీవ్ చివర్లను మూడు ఫేజ్‌లలోనూ ఒకే లోడ్ మీద పోల్చి, ఒకటి మిగతా వాటికంటే 15 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే షట్‌డౌన్ తీసుకుని జాయింట్ విప్పాలి. ముఖాలు శుభ్రం చేసి టార్క్ రెంచ్‌తో బిగించాక, మాడిన స్లీవ్ ముక్కను పూర్తిగా కోసేసి కొత్తది వేయాలి. మాడిన ప్లాస్టిక్ మీద కొత్త ట్యూబు ఎక్కిస్తే కింద బొగ్గు పొర అలాగే మిగిలిపోతుంది.